బోర్డో మిశ్రమం రంగు మారింది: మైలుతుత్తం కల్తీదేనా?

ప్రశ్న: నిమ్మలో గజ్జి తెగులుకు బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం నీళ్ళలో కలిపి చేసే తెగులు మందు) కలుపుదామని మైలుతుత్తాన్ని ఇనుప డ్రమ్ములో నానబెట్టాము. తెల్లారేసరికి నీలం రంగు వెలిసి నీళ్ళు లేత ఆకుపచ్చగా మారాయి, డ్రమ్ము లోపల ఎర్రటి పూత పట్టింది. నిరుడు మిగిలిన సున్నం కలిపి పిచికారీ చేస్తే చిగుళ్ళు మాడిపోయాయి. సంచిలో కొన్ని గడ్డలు తెల్లగా ఉన్నాయి. ఇది కల్తీ సరుకా?
– ఒక రైతు, దుగ్గిరాల మండలం, గుంటూరు జిల్లా

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి సరుకు కంటే ముందు డ్రమ్మునూ, పాత సున్నాన్నీ అనుమానించాలి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణం ఇనుముకు తగిలితే ఇనుము కరిగి నీటిలో చేరుతుంది, నీటిలోని రాగి బయటపడి ఇనుముపై పేరుకుంటుంది. ఆ ఎర్రటి పూత మీరు డబ్బు పెట్టి కొన్న రాగే. నీటిలో మిగిలిన లేత ఆకుపచ్చ రంగు అన్నభేది (ఐరన్ సల్ఫేట్) వల్ల వచ్చింది.

తెల్లని గడ్డలపై నాలుగు చుక్కల నీళ్ళు వేయండి. స్ఫటికంలోని నీరు ఆరిపోయి తెల్లబడినవైతే తిరిగి నీలం రంగుకు వస్తాయి, రానివాటిని వాడవద్దు. అన్నభేది కలిపారన్న అనుమానం ఉంటే కొద్దిగా మైలుతుత్తాన్ని గాజు గ్లాసులో కరిగించి సున్నపు తేట పోయండి. మంచి సరుకైతే లేత నీలి ముద్ద ఏర్పడుతుంది. అన్నభేది ఎక్కువగా ఉంటే ముద్ద మురికి ఆకుపచ్చగా ఏర్పడి, గాలి తగిలేకొద్దీ పైభాగం తుప్పు రంగుకు తిరుగుతుంది.

చిగుళ్ళు మాడడానికి మాత్రం ప్రధాన కారణం సున్నమేనని నా అభిప్రాయం. నిల్వ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సుద్దగా మారుతుంది కాబట్టి మైలుతుత్తం సున్నంతో పూర్తిగా చర్య జరపక, కరిగిన రాగి అలాగే మిగిలి లేత ఆకును కాల్చివేస్తుంది.

ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తాన్ని 50 లీటర్ల నీటిలోనూ, కిలో కొత్త సున్నాన్ని మరో 50 లీటర్లలోనూ ప్లాస్టిక్ డ్రమ్ముల్లో విడివిడిగా కలిపి, వడగట్టి, రెండింటినీ ఒకేసారి మూడో ప్లాస్టిక్ డ్రమ్ములోకి పోస్తూ కలియబెట్టాలి. బాగా తోమిన ఇనుప కత్తిని అందులో ఒక నిమిషం ముంచండి. ఎర్రటి పూత పడితే, అది పడని వరకు సున్నపు నీరు చేర్చండి. ఇతర మందులు కలపకుండా ఆ రోజే వాడేయాలి. గజ్జి మచ్చలున్న కొమ్మలను పొడి వాతావరణంలో కత్తిరించి కాల్చివేసి, కోతలకు బోర్డో పేస్టు (ఇదే మిశ్రమాన్ని చిక్కగా కలిపినది) పూయండి.