రామప్ప గుడి ఫొటోలో వెనక పడ్డ జనాన్ని ఫోన్‌లోనే తీసేయడం ఎలా?

తీసేయొచ్చు, డబ్బు కట్టకుండానే. గూగుల్ ఫొటోస్‌లో ఫొటో తెరిచి ఎడిట్ నొక్కితే మ్యాజిక్ ఇరేజర్ దొరుకుతుంది. 2021లో గూగుల్ పిక్సెల్ 6 ఫోన్‌తో వచ్చిన ఈ సదుపాయాన్ని 2024లో మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లకు, ఐఫోన్లకు కూడా ఉచితంగా ఇచ్చారు. ఐఫోన్ కొత్త మోడళ్లలో ఐఓఎస్ 18.1 నుంచి క్లీన్ అప్ అని ఇలాంటిదే ఉంది.

అయితే ఎక్కడ చెరుపుతున్నారో చూసుకోండి. మనిషి వెనక ఏముందో యాప్‌కు తెలియదు. చుట్టూ ఉన్న రంగులు, గీతలు చూసి ఊహించి నింపుతుంది. వెనక ఆకాశమో, పచ్చగడ్డో అయితే ఇబ్బంది లేదు. గోడ కింద ఏనుగుల వరుస ముందు నిలబడ్డవాళ్లను చెరిపితే మాత్రం అక్కడ లేని చెక్కడం పుట్టుకొస్తుంది. 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిల్పి చెక్కనిది రామప్ప శిల్పంగా వాట్సాప్‌లో తిరగడం నాకు అస్సలు నచ్చదు. అలాంటి చోట కాసేపు ఆగి, జనం పక్కకు జరిగాక ఇంకో ఫొటో తీసుకోండి.

ఇంకో మాట. పైన చూరు కింద ఉండే నల్లరాతి మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, ఎండలో తీస్తే చీకటిగా పడతాయి. మొత్తం ఫొటో వెలుతురు పెంచితే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. దానికి స్నాప్‌సీడ్ అనే ఫొటో ఎడిటింగ్ యాప్‌లో సెలెక్టివ్ అనే టూల్ వాడండి, అదీ ఉచితమే. శిల్పం మీద చుక్క పెట్టి, తెర మీద వేలిని కుడివైపు జరిపితే, దాని చుట్టుపక్కల అదే రంగున్న చోటే ఎక్కువగా వెలుగు పెరుగుతుంది.