ఆముదం చేలో కొలుస్తూ నడిచే పురుగు, గోడ మీద తెల్లటి మాత్: ఇవి జియోమెట్రిడేనా?

మీరు రెండు ఫొటోలు పెట్టారు. ఒకటి ఆముదం ఆకు మీద జానలతో కొలిచినట్టు నడుస్తున్న గొంగళి పురుగు. రెండోది బాల్కనీ గోడకు రెక్కలు పరిచి అంటుకున్న తెల్లటి మాత్, సన్నటి బూడిద గీతలు, వెనక రెక్కలకు చిన్న తోకలు. రెండూ జియోమెట్రిడే, అంటే గొంగళి పురుగులు ఇలా కొలుస్తూ నడిచే మాత్‌ల కుటుంబానివేనా, రెక్కల రంగు చూసి ఈ కుటుంబాన్ని పట్టుకోవచ్చా అని అడిగారు.

రెండూ కావు. కానీ రెండింటినీ చూసి చాలామంది ఇలాగే అనుకుంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆముదం మీదది మన రైతులకు బాగా తెలిసిన దాసరి పురుగు. దీని కుటుంబం ఎరెబిడే. మామూలు గొంగళి పురుగుకు ఛాతీ దగ్గర మూడు జతల గట్టి కాళ్లు, పొట్ట కింద ఐదు జతల మెత్తటి కాళ్లు ఉంటాయి. దాసరి పురుగుకు ఆ మెత్తటి కాళ్లలో ముందువి చిన్నబోయాయి, అందుకే నడిచేటప్పుడు నడుము సగం లేస్తుంది. అసలైన జియోమెట్రిడ్ పురుగుకు చాలా జాతుల్లో చివరి రెండు జతలే మిగిలాయి. నడుము కింద ఆనడానికి ఏమీ లేదు కాబట్టి తోకను ఛాతీ దాకా లాక్కొచ్చి, తర్వాత ముందుకు చాస్తుంది. కాస్త కదిలించి చూడండి: వెనక కాళ్లతో కొమ్మను పట్టుకుని, ఒళ్లంతా ఏటవాలుగా చాచి బిగుసుకుపోతుంది. నోటి నుంచి ఒక సన్నటి పట్టు దారం కొమ్మకు కట్టి ఉంటుంది. చర్మం మీద ఆకు రాలిన మచ్చలాంటి బొడిపెలు కూడా ఉంటే అది పురుగో పుల్లో చెప్పడం కష్టమే. కాబట్టి నడక చూసి తేల్చేయకండి, పక్క నుంచి కాళ్లు లెక్కపెట్టండి.

తెల్లటిది మైక్రోనియా అక్యులియేటా. ఇది యురేనియిడే, అంటే జియోమెట్రిడేకి దగ్గరి చుట్టం. వీటిని విడదీసేది చెవి. రెండు కుటుంబాలకూ పొట్ట మొదట్లోనే చెవులుంటాయి, గబ్బిలాల అల్ట్రాసౌండ్ వినడానికి. జియోమెట్రిడేలో ఆ చెవి లోపల సుత్తి ఆకారంలో ఒక చిన్న భాగం ఉంటుంది, శాస్త్రవేత్తలు కుటుంబాన్ని నిర్ధారించేది ప్రధానంగా దాంతోనే. యురేనియిడేలో ఆడ, మగ మాత్‌లకు చెవి వేర్వేరు చోట్ల ఉంటుంది. ఇదంతా ఫొటోలో కనపడదు, చనిపోయిన మాత్‌ను లెన్స్ కింద పెట్టి చూడాల్సిందే.

ఇక రంగు సంగతి. దీన్ని మాత్రం అస్సలు నమ్మొద్దంటాను, ఎందుకంటే ఈ కుటుంబంలో అంత త్వరగా మారేది ఇంకోటి లేదు. అందరూ చెప్పే ఇంగ్లండ్ పెప్పర్డ్ మాత్ జియోమెట్రిడే. తెల్లటి రెక్కల మీద నల్ల చుక్కలుండే ఆ మాత్‌లో పూర్తి నల్లటి రకం 1848లో మాంచెస్టర్‌లో నమోదైంది. 1895 నాటికి అక్కడ దాదాపు 98 శాతం నల్లవే. ఫ్యాక్టరీల పొగకు చెట్లు నల్లబడి, తెల్లవి పక్షుల కంట పడ్డాయి. 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చాక, పొగ తగ్గేకొద్దీ మళ్లీ తెల్లవి పెరిగాయి. ఈ నలుపుకు కారణం కార్టెక్స్ అనే జన్యువులోకి దూరిన ఒక ‘గెంతే’ డీఎన్‌ఏ ముక్క అని 2016లో తేలింది. దాని గొంగళి పురుగైతే ఇంకా వింత: కళ్లకు రంగు పూసి మూసేసినా, చర్మంతోనే కొమ్మ రంగును పసిగట్టి తన రంగు మార్చుకుంటుందని 2019లో చూపించారు. ఒకే జాతిలో ఇంత మార్పు ఉంటే, రంగు పట్టుకుని కుటుంబాన్ని ఎలా చెప్పగలం?

రూపం పెద్దపెద్దవాళ్లనే తప్పుదారి పట్టించింది. మాత్‌లలా కనపడే అమెరికా ఖండపు హెడిలిడ్ కీటకాలను చాలాకాలం జియోమెట్రిడే కిందే ఉంచారు. అవి సీతాకోకచిలుకల బంధువులని 1986లో స్కోబుల్ అనే కీటక శాస్త్రవేత్త వాదించాడు, ఇప్పుడు అదే స్థిరపడింది. 2019లో దాదాపు 1,200 మాత్‌ల జన్యువులు పోల్చాక ఎపిడెస్మియినే అనే కొత్త ఉపకుటుంబం పుట్టింది. స్టెరినే, లారెంటియినే అనే ఉపకుటుంబాలు కలిసి ఒక పాయగా, మిగతావన్నీ ఇంకో పాయగా విడిపోయాయని కూడా ఆ పనిలో బలంగా తేలింది. జియోమెట్రిడేలో పేరు పెట్టిన జాతులు ఇప్పటికే 23,000 దాటాయి, అందులో సగం వరకూ ఎన్నోమినే అనే ఉపకుటుంబానివే. తిండిలోనూ తేడాలే. దాదాపు అన్నీ ఆకులో పూలో తింటే, హవాయి దీవుల్లో యుపిథీసియా ప్రజాతికి చెందిన కొన్ని పురుగులు పుల్లలా నిలబడి, దగ్గరికొచ్చిన ఈగను చటుక్కున పట్టి తింటాయి.

నేను వానాకాలంలో అనంతగిరి వైపు వెళ్లినప్పుడల్లా తెల్ల దుప్పటి కట్టి, లైటు పెట్టి చూస్తుంటాను. ఎక్కువగా కనపడే ఎమరాల్డ్‌లు, అంటే జియోమెట్రినే ఉపకుటుంబపు ఆకుపచ్చ మాత్‌లు, దుప్పటి కన్నా పక్కనున్న ఆకుల మీదే ఎక్కువ వాలతాయి, కాబట్టి టార్చ్ అటూ వేయాలి. నా పద్ధతి ఇది: మొదట కూర్చున్న తీరు చూస్తాను. నాలుగు రెక్కలూ గోడకు అంటేలా పరిచి, ముందు రెక్క మీది గీత వెనక రెక్క మీద కూడా కొనసాగితే జియోమెట్రిడే అని అనుమానిస్తాను. తర్వాత మీసాలు: మగవాటికి చాలా జాతుల్లో దువ్వెన పళ్లలా ఉంటాయి. జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ కూడా 1758లో దువ్వెన మీసాలున్న వాటి పేర్లకు చివర ‘ఏరియా’, సాదా మీసాల వాటికి ‘ఏటా’ పెట్టాడు. పెప్పర్డ్ మాత్ ‘బెటులేరియా’ అయింది అలాగే.

మీరు మళ్లీ ఫొటో తీస్తే పైనుంచి ఒకటి, మీసాలు కనపడేలా దగ్గర నుంచి ఒకటి, వీలైతే రెక్కల అడుగు భాగం ఒకటి పెట్టండి. గొంగళి పురుగు దొరికితే ఏ మొక్క మీద దొరికిందో తప్పకుండా రాయండి. దాన్ని అదే ఆకుతో గాలాడే డబ్బాలో పెట్టి, రోజూ ఆకు మార్చి పెంచితే మాత్ బయటికొచ్చాక జాతి చెప్పడం చాలా తేలిక. మీ ఆముదం పురుగునూ అలాగే పెంచండి: ముందు రెక్కలు మట్టిరంగులో, వెనక రెక్కలు నల్లగా, మధ్యలో తెల్ల పట్టీతో వస్తే అది దాసరి పురుగేనని మీరే తేల్చుకోవచ్చు.