లాటెక్స్, ఫోమ్ పరుపులను ఎండలో వేయవచ్చా?

వేయకూడదు. దూది పరుపుకు మేలు చేసే ఎండే ఈ పరుపులను పాడుచేస్తుంది.

లాటెక్స్ పరుపు అంటే రబ్బరు పాలను నురగలా గిలకొట్టి గట్టిపరిచింది. పొడవాటి అణువుల గొలుసుల వల్లే రబ్బరు సాగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఆ గొలుసులను తెంపేస్తాయి. పైపొర పసుపెక్కి, పెళుసుబారి, చివరికి గోటితో గీరితే పొడిపొడిగా రాలుతుంది. కిటికీ అంచున చాలాకాలం ఎండకు వదిలేసిన రబ్బరు బ్యాండును లాగి చూడండి, సాగకుండానే పుటుక్కున తెగిపోతుంది. పరుపులో జరిగేదీ అదే. మామూలు ఫోమ్ పరుపుల్లో ఉండే పాలీయురేథేన్ ఫోమ్ కూడా వెలుతురుకు పసుపెక్కుతుంది. కాకపోతే పైపైన రంగు మారినంత మాత్రాన లోపల మెత్తదనం పోయినట్టు కాదు, ఆ టెన్షన్ వద్దు.

"సహజమైన లాటెక్స్ కదా, ఎండకేం అవుతుంది?" అని చాలామంది పొరబడతారు. నిజానికి సహజ రబ్బరు గొలుసుల్లో ఉండే ద్వంద్వ బంధాలే (రెండు పరమాణువులను కలిపే జంట లంకెలే) ఆక్సిజన్‌కు, ఓజోన్‌కు తేలిగ్గా దొరికిపోతాయి.

తేమ, వాసన పోవాలంటే కావలసింది గాలి, ఎండ కాదు. దుప్పటి, కవరు తీసేసి నీడలో ఫ్యాన్ కింద కొన్ని గంటలు ఉంచండి. నీళ్లు ఒలికితే పొడి తువ్వాలుతో అదిమి పీల్చేయండి. పిండితే మాత్రం ఫోమ్ చిరుగుతుంది. పరుపు కింద చెక్క పలకల మధ్య సందులుంటే అడుగున బూజు పట్టడం బాగా తగ్గుతుంది.