డీఅండ్‌సీ అయి 18 రోజులు.. బ్లీడింగ్ ఆగడం లేదు, మళ్లీ చేయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 27. ఎనిమిదో వారంలో బిడ్డ గుండె కొట్టుకోవడం లేదని డీఅండ్‌సీ (గర్భసంచి లోపల శుభ్రం చేయడం) చేశారు. 18 రోజులైంది. తగ్గిన బ్లీడింగ్ మళ్లీ మొదలైంది. యూరిన్ టెస్ట్ ఇంకా పాజిటివే. స్కాన్‌లో గర్భసంచి పొర 12 మి.మీ. ఉందని, గర్భం తాలూకు ముక్కలు మిగిలి ఉండొచ్చని రాశారు. మెడికల్ షాపులో అడిగి బ్లీడింగ్ ఆగే మాత్రలు వాడుతున్నాను. రెండు రోజులుగా సాయంత్రం చలి వస్తోంది, డోలో వేసుకుంటే తగ్గుతోంది. మళ్లీ డీఅండ్‌సీ తప్పదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: డీఅండ్‌సీ సంగతి తర్వాత చూద్దామమ్మా. మీరు ఆఖర్న రాసిన చలి గురించే నాకు టెన్షన్‌గా ఉంది. లోపల ముక్క మిగిలి ఇన్ఫెక్షన్ పట్టినా ఇలాగే మొదలవుతుంది. వేరే జ్వరమూ కావచ్చు, కానీ అది పరీక్ష చేసి తేల్చాల్సిందే. డోలో వేస్తే జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ ఎక్కడికీ పోదు. రేపటిదాకా ఆగకుండా ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ఆ మాత్రలు. పేరు రాయలేదు. షాపుల్లో మామూలుగా ఇచ్చేవి ట్రానెక్సమిక్ యాసిడ్, లేదంటే నోరెథిస్టెరోన్ అనే హార్మోన్ మాత్ర. మొదటిది రక్తం గడ్డ కరగకుండా చూస్తుంది, రెండోది లోపలి పొరను నిలబెడుతుంది. మిగిలిన ముక్కను ఏదీ బయటకు పంపదు. పైగా హార్మోన్ మాత్ర మానగానే మళ్లీ బ్లీడింగ్ అవుతుంది. అది ముక్క వల్లా, మాత్ర వల్లా అన్నది తేల్చడం మాకే కష్టం. చేసిన డాక్టరుకు ఒక్క ఫోన్ చేయాల్సింది పోయి షాపతన్ని అడగడం ఏమిటమ్మా? ఇంత బాధలో ఉన్నారని తెలుసు, అయినా చెప్పక తప్పదు.

యూరిన్ టెస్ట్ చూసి భయపడకండి. గర్భం పోయాక కూడా మూడు, నాలుగు వారాలు పాజిటివ్ రావచ్చు. రక్తంలో బీటా హెచ్‌సీజీ (గర్భం వల్ల వచ్చే హార్మోన్) పరీక్ష కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు చేయిస్తే తగ్గుతోందో లేదో తెలుస్తుంది. తగ్గకుండా నిలిచినా, పెరిగినా ముత్యాల గర్భం (మాయ కణజాలం నీటి బుడగల్లా అసాధారణంగా పెరగడం), ట్యూబులో గర్భం లాంటివి కూడా చూడాలి. అందుకే తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపారా, రిపోర్టు ఏమని వచ్చిందని తప్పకుండా అడగండి. చాలామంది ఆ కాగితం తెచ్చుకోనే తెచ్చుకోరు.

పొర 12 మి.మీ. అన్న ఒక్క అంకెతో ముక్క మిగిలిందని చెప్పలేం. రక్తపు గడ్డ కూడా స్కాన్‌లో అలాగే కనిపిస్తుంది. డాప్లర్‌ స్కాన్‌లో అక్కడికి రక్తప్రసరణ కనిపిస్తే ముక్కేనన్న అనుమానం బలపడుతుంది. కనిపించకపోయినా పూర్తిగా కొట్టిపారేయలేం.

జ్వరం లేకుండా బ్లీడింగ్ కొద్దిగానే ఉంటే కొన్నాళ్లు ఆగి చూడొచ్చు, మందుతో ప్రయత్నించొచ్చు. ఇన్ఫెక్షన్ అని తేలితే మాత్రం యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, ముక్క ఉంటే త్వరగా తీసేయాలి. వీలైతే హిస్టెరోస్కోపీతో, అంటే గర్భసంచిలోకి సన్నని కెమెరా పంపి చూస్తూ తీయడం మంచిది. చూడకుండా మళ్లీ మళ్లీ గీకితే లోపలి గోడలు అతుక్కుని, తర్వాత గర్భం రావడం కష్టం కావచ్చు. ఏది చేయాలన్నది మిమ్మల్ని స్వయంగా చూసిన డాక్టరే నిర్ణయించాలి.

గంటకు రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగినా, దుర్వాసన ఉన్నా, జ్వరం 100.4 దాటినా 108కు ఫోన్ చేయండి. మీది నెగటివ్ బ్లడ్ గ్రూపైతే, తర్వాతి గర్భానికి ఇబ్బంది రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారో లేదో అడగండి. వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ కాగితం, స్కాన్ రిపోర్టులతో పాటు ఆ మాత్రల స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి.