నియాన్ టెట్రా చేపల అక్వేరియంలో, నాలుగుసార్లు కడిగిన మైపాడు బీచ్ ఇసుక వేశాక నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 నుంచి దిగట్లేదా?

పీహెచ్‌ని పైకి లాగుతోంది ఆ ఇసుకలోని గవ్వ ముక్కలే. అవి కాల్షియం కార్బనేట్, నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటాయి. నాలుగుసార్లు కడిగినా అంతే. కడిగితే ఉప్పు పోతుంది, గవ్వ పోదు. అందుకే నీళ్లు మార్చినా మళ్లీ అదే కథ.

1. ముందు వెనిగర్ పరీక్ష. అందరూ తప్పేది ఇక్కడే: తడి ఇసుక మీద పోస్తారు, వెనిగర్ పల్చబడి బుడగలు సరిగా కనపడవు. గుప్పెడు ఇసుక ఎండబెట్టి, గ్లాసులో వేసి, మునిగేదాకా తెల్ల వెనిగర్ పోసి చెవి దగ్గర పెట్టుకోండి. చుర్రుమంటే గవ్వే.

2. గవ్వ ఉందని తేలితే, నియాన్ టెట్రాలకి ఆ ఇసుక వద్దు. పెన్నా ఇసుకో, గూడూరు వైపు సిలికా ఇసుకో జల్లించి, కడిగి వేయండి. దానికీ ఇదే పరీక్ష.

3. నీళ్లు వారానికి పావు వంతే మార్చండి. పీహెచ్ ఒక్కసారిగా పడితే చేపలు తట్టుకోలేవు.

మోలీలు, గప్పీలు పెంచేట్టయితే మాత్రం ఆ ఇసుకే ఉంచేయండి, వాటికి కఠిన జలమే (కాల్షియం లాంటి ఖనిజాలు ఎక్కువున్న నీళ్లే) హాయి.