18 నిండిన కొడుక్కి తల్లిదండ్రులు గార్డియన్ కారా?

మీ ప్రశ్న ఇది: ఆటిజం ఉన్న మీ అబ్బాయికి 18 నిండుతున్నాయి, ఇకపై మీ సంతకం చెల్లుతుందా అని. చట్టం లెక్కలో 18 దాటితే ఎవరైనా మేజరే, వైకల్యం ఉన్నా సరే, కాబట్టి అమ్మానాన్నలన్న హోదాతోనే ఆ తర్వాత సంతకం పెట్టలేరు.

అలాగని కంగారుపడి వెంటనే గార్డియన్‌షిప్‌కి పరుగెత్తకండి, అది అందరికీ అవసరం లేదు. ముందు అబ్బాయి ఏ విషయాలు తనే చెప్పగలడో చూడండి. ఏ కోర్సు చదవాలి, హాస్టల్లో ఉండాలా వద్దా లాంటివి కాస్త నిదానంగా, బొమ్మలతోనో చిన్న మాటలతోనో అడిగితే చాలామంది పిల్లలు స్పష్టంగానే చెబుతారు, మనమే అడగం.

నిజంగా అవసరమైతే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికే వర్తిస్తుంది. జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టాలి, అందులో కలెక్టర్ లాంటి అధికారితో పాటు ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి ఉంటారు. వైకల్య ధ్రువపత్రం, అదే మన సదరం సర్టిఫికెట్, దగ్గర పెట్టుకోండి. పిల్లవాడి ఆస్తి మీ చేతికొస్తే, గార్డియన్‌గా నియమించిన 6 నెలల్లో దాని జాబితా, ఆపై ఏటా లెక్కలు ఇవ్వాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

2016 వికలాంగుల హక్కుల చట్టమైతే పరిమిత గార్డియన్‌షిప్ అంటుంది: ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, అదీ అతనితో కలిసి, అతని ఇష్టం ప్రకారమే. మానసిక అనారోగ్యం సంగతి వేరు, దానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూడాలి.