డిమ్ కొట్టగానే ఆరిపోవలసిన లైట్లు

బండికి అదనపు లైట్లు బిగించుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఈసారి జవాబిస్తున్నాము.

ప్రశ్న: చింతపల్లి నుంచి లంబసింగి మీదుగా నర్సీపట్నానికి తెల్లవారుజామున పికప్ బండి నడుపుతాను. చలికాలంలో మంచుకు దారి కనబడదు. 55 వాట్ల హాలోజన్ డ్రైవింగ్ లైట్లు రెండు కొన్నాను. మా మెకానిక్ వాటిని నేరుగా హెడ్‌లైట్ వైరుకే కలిపేస్తానంటున్నాడు. కలపవచ్చా? పోలీసులు అభ్యంతరం పెడతారా?
– ఒక పాఠకుడు, చింతపల్లి

జవాబు: మీరు కొన్నవి మంచుకు పనికివచ్చే లైట్లు కావు. డ్రైవింగ్ లైటు అంటే హై బీమ్‌కు తోడుగా దూరానికి వెలుగు విసిరేది. పొగమంచులో దాన్ని వేస్తే ఆ వెలుగు గాలిలోని నీటి తుంపరల మీద పడి తిరిగి మీ కళ్లకే కొడుతుంది కనుక ఎదుట తెల్లటి గోడ కట్టినట్టుంటుంది. లంబసింగి ఘాట్‌లో హై బీమ్ వేసి చూసిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఫాగ్ లైటు ఇందుకు భిన్నమైనది: బంపరు దిగువన, హెడ్‌లైటు కంటే కింద ఉండి, పైకి వెలుగు పోనివ్వకుండా, దగ్గరి రోడ్డును వెడల్పుగా చూపుతుంది. అది తెలుపైనా పసుపైనా కావచ్చు. పసుపైతేనే మంచును చీల్చుకుని పోతుందన్నది ప్రచారమే. పనిచేసేది రంగు కన్నా ఎత్తు, వెలుగు అంచు. మీ మోడల్‌లోనే ఖరీదైన రకానికి కంపెనీ ఫాగ్ లైట్లు ఇచ్చి ఉంటే, ఆ కిట్టునే బిగించుకోవడం అన్ని విధాలా మేలు.

ఇక మైదానంలోని చీకటి రోడ్డు కోసం డ్రైవింగ్ లైట్లను ఉంచుకోదలిస్తే, మెకానిక్ చెప్పిన పద్ధతి మాత్రం వద్దు. రెండు 55 వాట్ల బల్బులు 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లకు పైగా తీసుకుంటాయి. హెడ్‌లైటు వైరు, డిమ్ స్విచ్చు హెడ్‌లైటుకు సరిపోయేటట్టు పెట్టినవే గాని, అంత అదనపు కరెంటును మోయడానికి పెట్టినవి కావు. మోయిస్తే స్విచ్చు లోపలి పాయింట్లు కాలుతాయి, వైరు వేడెక్కి తొడుగు కరుగుతుంది. కరగకపోయినా నష్టమే: హాలోజన్ బల్బుకు అందే వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్ఫై శాతం పడిపోతుంది కాబట్టి, సన్నని వైరుతో కొత్త లైట్లు బిగించి ఉన్న లైట్లను కూడా మసకబార్చుకున్నవారు అవుతారు.

అందుకే రిలే, అంటే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటును కలిపి ఆపే స్విచ్చు, కావాలి. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు బయలుదేరి, బ్యాటరీకి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు దాటి, రిలే 30వ పిన్నుకు చేరాలి. 87 నుంచి లైట్లకు పోవాలి. హై బీమ్ వైరు నుంచి తీసుకున్న సన్నని వైరు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన చిన్న స్విచ్చు గుండా 86కు రావాలి. 85ను రంగు గీకిన బాడీ ఇనుముకు గట్టిగా ఎర్త్ చేయాలి. ఫ్యూజును లైట్ల దగ్గర పెట్టేవారున్నారు. అప్పుడు బ్యాటరీకి ఫ్యూజుకు మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే దాన్ని ఆపేది ఏదీ ఉండదు, బండ్లు తగలబడేది అక్కడే. ఐదు పిన్నుల రిలేలో 87ఏ అని ఇంకొకటి ఉంటుంది. పొరపాటున దానికి కలిపితే లైట్లు తిరగబడి, స్విచ్చు ఆపినప్పుడు వెలుగుతాయి. కొన్ని బండ్లలో డిమ్ స్విచ్చు ప్లస్‌ను కాక ఎర్త్‌ను కలుపుతుంది కాబట్టి ముందు టెస్ట్ ల్యాంపుతో చూసుకోమనండి. లైట్లను కంప్యూటరు అదుపు చేసే కొత్త బండ్లలో వైరు కోసి కలపడం అసలే కూడదు.

ఈ వైరింగు వల్ల, హై బీమ్ ఉన్నప్పుడు మాత్రమే అదనపు లైట్లు వెలుగుతాయి. ఎదురుగా బండి వచ్చి మీరు డిమ్ కొట్టగానే అవీ ఆరిపోతాయి. చట్టం కోరేది కూడా సరిగ్గా ఇదే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 106వ నియమం ప్రకారం, ముందుకు వెలుగు చూపే దీపమేదైనా దీపానికి 8 మీటర్ల దూరంలో, బండి కుడి అంచుకు అర మీటరు పక్కన, నేలకు మీటరున్నర ఎత్తున ఉన్న కళ్లను మిరుమిట్లు గొలపకూడదు. అలా శాశ్వతంగా కిందికి వంచి ఉండాలి, లేదా డ్రైవరు వంచగలగాలి, లేదా ఒకే మీటతో అది ఆరి డిమ్ వెలగాలి. మనం ఎడమ పక్కన నడిపేవాళ్లం గనుక ఆ కళ్లు ఎదురుగా వచ్చే మనిషివే. విడి స్విచ్చుతో ఎప్పుడు పడితే అప్పుడు వెలిగే జత లైట్లు ఈ పరీక్షలో నెగ్గవు.

ఇంకొక చిక్కుంది. 111వ నియమం బండి ముందు స్పాట్ లైటును, సెర్చ్ లైటును రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా నిషేధించింది. ఆ అనుమతి సైతం ప్రత్యేక పరిస్థితుల్లోనే. మీరు కొన్న పెట్టె మీద ‘స్పాట్’ అని ఉంటే, ఆ మాటే మీకు వ్యతిరేక సాక్ష్యం. చట్టం అనుమతించని విధంగా విడిభాగాలు తగిలించి బండిని మార్చిన యజమానికి, మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కాబట్టి బిగించకముందే మీ రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, జవాబును ఆర్సీతో పాటు బండిలో ఉంచుకోండి. నోటిమాట చెక్‌పోస్టు దగ్గర చెల్లదు.

ప్రశ్న: నా 125 సీసీ బైకుకు ఆన్‌లైన్‌లో కొన్న 20 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు బిగించాను. నెల తిరగకముందే పొద్దున సెల్ఫ్ పనిచేయడం మానేసింది. పైగా చాలాన్ కూడా వేశారు. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: వైరును బ్యాటరీకి నేరుగా కలిపి ఉంటారు. రెండూ కలిసి 3 ఆంపియర్లకు పైగా లాగుతాయి. ఈ తరగతి బైకుల్లో చాలావాటికి ఉండేది 4 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ కాబట్టి, ఇంజను ఆపి లైట్లు మరచిపోతే గంట తిరిగేసరికి అది ఖాళీ. 2017 ఏప్రిల్ నుంచి వస్తున్న ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది కనుక, ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు తయారయ్యే కరెంటులో కొంత దానికే ఖర్చవుతోంది. మిగిలినది మీ కొత్త లైట్లకు, బ్యాటరీ చార్జికి రెంటికీ చాలదు. రిలేను హై బీమ్ నుంచి నడిపిస్తే తాళం తీయగానే అంతా ఆరిపోతుంది. పెట్టె మీద రాసిన వాట్లను నమ్మకుండా మీటరుతో కరెంటు కొలిపించండి.

చాలాన్ సంగతికి వస్తే, ప్రత్యేక శిక్ష చెప్పని ఉల్లంఘనలకు కేంద్ర చట్టం 177వ సెక్షన్ మొదటిసారి 500, తరువాత 1,500 రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. హ్యాండిల్ మీద బిగించిన లైటు హ్యాండిల్‌తో పాటు తిరిగి ఎదుటివాడి కంట్లో పడుతుందని గమనించారా? దాన్ని హెడ్‌లైటుకు కిందుగా, ఫ్రేముకు మార్చి, సమతలం మీద గోడకు 10 మీటర్ల దూరంలో బైకు నిలిపి, వెలుగు పై అంచు లైటు ఎత్తు కంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందుండేటట్టు బిగించండి. బైకు మీద మనిషి కూర్చున్నప్పుడే కొలవాలి. స్టాండు మీద కొలిచిన కొలత అబద్ధమాడుతుంది.

ప్రశ్న: రాత్రి పొలం పనికని ట్రాక్టరు వెనుక తెల్లని లైటు పెట్టాను. రోడ్డెక్కితే ఇబ్బందా?
– ఒక రైతు, తెనాలి

జవాబు: పొలంలో వేసుకోండి. రోడ్డు మీద వెనుకకు ఎరుపు తప్ప వేరే వెలుగు చూపకూడదని 108వ నియమం. నంబరు ప్లేటు దీపం, రివర్సు దీపం వంటి కొన్నింటికే మినహాయింపు. వెనుక తెల్ల లైటు వెలుగుతుంటే, వెంట వచ్చేవాడు మీరు ఎదురుగా వస్తున్నారని భ్రమపడతాడు. దాని స్విచ్చుకు ఒక ఎర్ర సూచిక దీపం కలిపి స్టీరింగు ముందు పెట్టించుకుంటే, గట్టు దాటి రోడ్డెక్కేటప్పుడు ఆపడం మరువరు.